గుమ్మం వేళ, గడియారం వేళ

నేను పాల్గొన్న మొట్టమొదటి పరిశోధనను పాడుచేసినదాన్ని నేనే. ఈ మాట ముందే చెప్పేస్తే మీకూ నాకూ మధ్య మొహమాటం ఉండదు. నర్సింగు చదువుకున్న అమ్మాయిలు అప్పుడప్పుడు నన్ను చూడడానికి వస్తుంటారు. "ఎవరో పరిశోధన అంటూ కాగితాలిచ్చి నింపమంటున్నారండి మామ్మగారూ, ఉన్న చాకిరీ చాలదన్నట్టు ఇదొకటి" అని మూతి ముడుచుకుంటారు. నేను వాళ్ళను మందలించను. నేనూ ఒకప్పుడు అలాగే ముడిచాను. మీకంటే బాగానే ముడిచి ఉంటాను కూడా.

అప్పటికి ఆంధ్ర రాష్ట్రం వచ్చిన కొత్త. కొత్తపేటకూ ఐనవిల్లికీ నడుమ ఒక ఊళ్ళో, నాలుగు మంచాల పురిటాసుపత్రిలో నేను మిడ్‌వైఫుని. రాజోలు వైపు క్రైస్తవుల ఇంట పుట్టి, మిషను ఆసుపత్రిలో పని నేర్చుకుని, అప్పటికి ఆరేళ్ళ కిందట, ఇరవయ్యో ఏట అక్కడ చేరాను. నా పైన సిస్టరుగారు. ఒడ్డూ పొడుగూ ఉన్న మనిషి, గొంతు కాలువ అవతలి గట్టుకు వినిపించేది. నొప్పులు పడుతున్న తల్లులు ఆవిడ గొంతు వినగానే తమ కేకలు ఆపుకునేవారు. ఆసుపత్రి మొత్తానికి మేమిద్దరమే. డాక్టరు కావాలంటే అమలాపురం పోవాలి, అదీ పడవ మీద. కాన్పుల్లో సగం మా మంచాల మీద జరిగితే మిగతా సగం ఇళ్ళల్లో జరిగేవి. పెట్టె పట్టుకుని గట్ల మీద నడిచి పోవడమే నా ఉద్యోగం.

ఒకరోజు పొద్దున్నే డాక్టరమ్మగారు వచ్చారు. మద్రాసులో చదివి విశాఖపట్నంలో పాఠాలు చెప్పే మనిషి, నలభై ఏళ్ళుంటాయి, పెళ్ళి చేసుకోలేదు. ముందు కబురేమీ లేకుండా పడవ దిగి, చెప్పులు చేత్తో పట్టుకుని బురదలో నడిచి వచ్చేసరికి మేం తనిఖీ అనుకుని కంగారుపడ్డాం. సిస్టరుగారు ఒక చేత్తో నాకు దుప్పట్లు మార్చమని సైగ చేస్తూ, రెండో చేత్తో ఆవిడకు కొబ్బరిబొండం అందించారు. ఆవిడ దుప్పట్ల వైపు చూడనే లేదు. వసారాలో బల్ల మీద కూర్చుని సిస్టరుగారిని ఒక్క ప్రశ్న అడిగారు.

"బిడ్డ పుట్టాక మాయ పడడానికి మీరు ఎంతసేపు చూస్తారు? ఎంతసేపటికి పడకపోతే పడవ కట్టిస్తారు?"

సిస్టరుగారు గంటన్నర చెప్పారు. ఏ ఊళ్ళో ఎవరికి ఎంతసేపు పడలేదో, ఎవరికి రక్తం ఎలా పోయిందో, ఎవరిని పడవలో పడుకోబెట్టి తీసుకెళ్తుంటే దారిలోనే ప్రాణం పోయిందో, అన్నీ చెప్పారు. చివరిది చెబుతున్నప్పుడు ఆవిడ గొంతు తగ్గడం నేను మొదటిసారి విన్నాను. డాక్టరమ్మగారు తల ఎత్తకుండా మొత్తం రాసుకున్నారు.

"మాయ ఎప్పుడు పడాలో మా పుస్తకాల్లో ఉంది. కాని ఆ పుస్తకాలు రాసినవాళ్ళకు పక్కగదిలో ఎక్కించడానికి రక్తం ఉంది. మీకు ఉన్నది పడవ. ఈ కాలువల మధ్య ఎంతసేపు ఆగవచ్చో నాకు తెలియదు. ఏ డాక్టరుకూ తెలియదు. మా దగ్గరికి వచ్చేది అంతా అయిపోయాక వచ్చేవాళ్ళు. మొదటినుంచీ పక్కనుండి చూసేది మీరే. అందుకని మీరే చూసి చెప్పాలి" అన్నారు.

"మేమెంతవాళ్ళమండీ, బొడ్డు కోసేవాళ్ళం. పరిశోధనలూ అవీ మాకెందుకండి" అన్నాను నేను.

"బిడ్డ పుట్టగానే గడియారం చూడండి. మాయ పడగానే మళ్ళీ చూడండి. రెండూ రాయండి. అదే పరిశోధన. తక్కినవి కూడికలు, అవి నేను చేసుకుంటాను."

సిస్టరుగారూ నేనూ ఒకే గొంతుతో "ఆయ్, అలాగేనండి" అన్నాం. మా వైపు ఆ మాట ఎంత సులువుగా వస్తుందో మీకు తెలుసు. పెద్దవాళ్ళు ఏం చెప్పినా అనేస్తాం, చేసేదీ చేయనిదీ తరువాత చూసుకుంటాం. డాక్టరమ్మగారు మాత్రం ఆ మాట నమ్మి, మాకు చెరొక గళ్ళ పుస్తకం, చెరొక పిన్ను గడియారం ఇచ్చి వెళ్ళిపోయారు. చుట్టుపక్కల నాలుగైదు ఆసుపత్రుల్లో కూడా ఇచ్చారట.

పడవ కనుమరుగయ్యేదాకా చూసి సిస్టరుగారు అన్నారు. "ఏమే అమ్మాయ్, పద్దెనిమిదేళ్ళ సర్వీసులో నేను చెప్పింది రాసుకున్న డాక్టరు ఈవిడొక్కర్తేనే. రాద్దామే, పోనీ."

అలా మొదలుపెట్టాం. పిన్ను గడియారం రొమ్ము మీద పెట్టుకుని గట్టు మీద నడుస్తుంటే నాకూ కాస్త గర్వంగానే ఉండేది. ఎండలో పనులు చేసుకునేవాళ్ళు ఆపి మరీ టైము అడిగేవారు. అవసరం ఉండి కాదు, నేను గడియారం తిప్పి చూసే తీరు చూడడానికి.

ఇప్పుడు నా నేరం సంగతి చెప్పాలి. కాన్పు జరిగే గది బయట, గుమ్మం దగ్గర, ఆ ఇంటి పెద్దలు నిలబడి ఉండేవారు. బిడ్డ పడగానే ఆడా మగా అని అడిగేకంటే ముందు "వేళెంతండీ?" అని అడిగేవారు. జాతకం వేయించాలి కదా. ఇంటి మొత్తానికి గడియారం నాదొక్కటే, అందుచేత నేను ఎంతంటే అంతే. వేళ మంచిదైతే సరే. వర్జ్యంలోనో, ఫలానా నక్షత్రం ఫలానా పాదంలోనో పుడితే తండ్రికో తాతకో మేనమామకో గండమనేవారు. తప్పు నిమిషాలది, శిక్ష మాత్రం తల్లిది.

చేరిన కొత్తలో నేను ఉన్నది ఉన్నట్టు చెప్పేదాన్ని. మిషను ఆసుపత్రి చదువు కదా, అబద్ధం పాపమని నేర్పారు. ఒక పిల్ల, నాకంటే చిన్నది, ఆడపిల్లను కన్నది. వేళ చెప్పాను. ఆ వేళ తాతకు గండమన్నారు. అత్తవారు పిల్లను చూడడానికి రాలేదు, తల్లిని తీసుకెళ్ళనూ లేదు. మూడేళ్ళ తరువాత కూడా ఆ పిల్ల పుట్టింటి వసారాలోనే కనిపించేది. నన్ను చూస్తే తల తిప్పుకునేది కాదు, నవ్వేది. ఆ నవ్వు చూడలేక నేను ఆ వీధిన వెళ్ళడం మానేశాను.

ఆ కాన్పు అయిన వెంటనే సిస్టరుగారు నాకు అసలు పని నేర్పారు. పెట్టెలో కత్తెర, దూది, డెట్టాలు, వాటి అడుగున పంచాంగం. "గుమ్మంలో అడుగెట్టే ముందే చూసుకోవాలే అమ్మాయ్. చెడ్డ గడియ ఎప్పుడు మొదలు, ఎప్పుడు ఆఖరు. బిడ్డ అందులో పడిందనుకో, ఇటో అటో ఓ అరగంట జరుపు. దేవుడు నిన్నేం అనడు, ఆయనకీ పురుళ్ళ సంగతి తెలుసు." ఆదివారం చర్చిలో పాటలు పాడే నాకు, రెండేళ్ళు తిరిగేసరికి పురోహితుడికన్నా ముందు వర్జ్యం చెప్పగల పాండిత్యం వచ్చింది. ఈ సంగతి మా వైపు మిడ్‌వైఫులందరూ ఎరిగిందే. ఎవరూ పైకి అనేవారు కాదు.

డాక్టరమ్మగారి పుస్తకం వచ్చాక ఏ వేళ రాయాలి? మాకు అసలు సందేహమే రాలేదు. గుమ్మంలో చెప్పిన వేళే రాశాం. రేపు ఎవరైనా వచ్చి అడిగితే రెండూ కలవాలి కదా! అంత జాగ్రత్తగా, అంత శ్రద్ధగా, ఒక్క గడి ఖాళీ లేకుండా నింపాం. సిస్టరుగారు గీతలు స్కేలు పెట్టి కొట్టారు.

వానలు వెనకబట్టాక డాక్టరమ్మగారు మళ్ళీ వచ్చారు. మా పుస్తకాలు ముందే తెప్పించుకుని చూశారు. ఈసారి బొండం తాగలేదు. పుస్తకం తెరిచి నా ముందు పెట్టారు.

"ఈమెకు బిడ్డ పుట్టింది పదీ నలభైకి. మాయ పడింది పదీ ఇరవైకి. మాయ ముందు పడి, బిడ్డ తరువాత పుట్టింది. అలా జరిగితే తల్లీ బిడ్డా దక్కడం కష్టం. మీరు చివరి గడిలో 'ఇద్దరూ కులాసా' అని రాశారు" అన్నారు.

అప్పుడు గాని నాకు తట్టలేదు. బిడ్డ వేళ జరిపాను. మాయ వేళ జరపడం మరిచిపోయాను. మాయకు జాతకం ఎవరు వేస్తారు?

"ఒక్కటైతే చెయ్యి జారిందనుకునేదాన్ని. ఇలాంటివి ఇంకా ఉన్నాయి. ఇంకో సంగతి. ఫలానా రోజు నాలుగు ఊళ్ళల్లో నలుగురు పిల్లలు ఒకే పది నిమిషాల్లో పుట్టారు. ఆ తరువాత గంటన్నర సేపు ఈ చుట్టుపక్కల ఒక్క పిల్లా పుట్టలేదు. ఎందుకంటారు?"

సిస్టరుగారు గొంతు సవరించుకున్నారు. "మా పిల్లలు బుద్ధిమంతులండి. వేళ చూసుకుని పుడతారండి."

నేను నవ్వబోయి ఏడ్చేశాను. ఏడుస్తూనే అంతా చెప్పాను. పంచాంగం తీసి బల్ల మీద పెట్టాను. పుట్టింటి వసారాలో ఉండిపోయిన ఆ పిల్ల సంగతి కూడా చెప్పాను.

డాక్టరమ్మగారు పంచాంగం తిరగేసి చూశారు. తరువాత మెల్లగా అన్నారు. "మీ పుస్తకాలు చూసి నేనేం రాయబోయానో తెలుసా? ఇక్కడ మాయ పడడానికి గంట పట్టినా తల్లులు క్షేమంగానే ఉంటున్నారు, కాబట్టి తొందరపడి పడవ ఎక్కించనక్కరలేదు అని. బిడ్డ అరగంట ముందే పుట్టినట్టు మీరు రాసినవాళ్ళందరికీ నిజానికి అరగంటలోనే పడిపోయింది. అది అచ్చయితే మీలాంటి వాళ్ళు అది చదివి, రక్తం పోతున్న తల్లి పక్కన గంటసేపు ధైర్యంగా కూర్చునేవాళ్ళు."

అప్పుడు నాకు ఏడుపు కూడా రాలేదు. ఒక పిల్ల కాపురం నిలబెట్టానని మురిసిపోతూ, నేను చూడని ఊళ్ళల్లో నేనెరగని తల్లుల ప్రాణాల మీదికి తెచ్చేదాన్ని కదా అని ఒళ్ళు జలదరించింది.

ఆవిడ లేచి వసారా చివరికి వెళ్ళి కాలువ వైపు చూస్తూ నిలబడ్డారు. తిరిగి వచ్చేటప్పటికి మొహం మారింది. "మా అమ్మ కూడా నా వేళ సర్దించే ఉంటుంది. అందుకే నాకు ఏ సంబంధమూ కలవలేదు" అని నవ్వారు. "వాళ్ళకు గుమ్మంలో ఏం చెప్పుకుంటారో చెప్పుకోండి, అది మీ ఇష్టం. నాకు మాత్రం గడియారం చూపించిన వేళ కావాలి. ఎలా ఇస్తారో మీరే చెప్పండి."

మీరే చెప్పండి అనేసరికి సిస్టరుగారి బుర్ర పనిచేయడం మొదలుపెట్టింది. రెండు గళ్ళు గీద్దామన్నారు. ఒకటి గుమ్మం వేళ, రెండోది గడియారం వేళ. పేరు రాయకుండా నెంబరు వేద్దామన్నారు. "తేదీ కూడా వద్దండి డాక్టరమ్మగారూ. తేదీ వేస్తే పేరు వేసినట్టేనండి. ఏ నెంబరు ఎవరో ఇదిగో, ఈ అమ్మాయి బుర్రలో ఉంటదండి. దానికేం, చదివేది లేదు, పెట్టేది లేదు, బుర్రంతా ఖాళీయేనండి."

"మరి గుమ్మం వేళ గడి నాకెందుకు?" అన్నారు డాక్టరమ్మగారు.

"మీక్కాదండి, మాకండి. ఎవరికి ఏం చెప్పేమో మర్చిపోతే కొంపలంటుకుంటాయి కదండీ."

అది సబబుగానే తోచింది ముగ్గురికీ. అప్పట్నుంచి అలాగే రాశాం. నిజం రాయడం మొదట్లో చేతికి ఎబ్బెట్టుగా ఉండేది. మూడు నెలలు గడిచేసరికి పుస్తకం చూస్తే డాక్టరమ్మగారి కూడికలు లేకుండానే మాకు తెలిసిపోయింది, మేం అనుకుంటున్నదానికంటే చాలా ముందే పడవ కట్టించాలని. ఆ నమ్మకంతోనే ఒక తల్లిని వేళకు అమలాపురం చేర్చాం. ఆవిడ బతికి వచ్చి సిస్టరుగారికి అరటిగెల తెచ్చి ఇచ్చింది.

ఈ రెండు గళ్ళ సంగతి మా ముగ్గురి మధ్యే ఉండాలనుకున్నాం. అయితే సిస్టరుగారు ఎవరికీ చెప్పొద్దని గట్టిగా చెప్పి మరీ పక్కూరి సిస్టరుగారికి చెప్పారు. ఆవిడా అంతే గట్టిగా చెప్పి మరొకరికి చెప్పి ఉంటారు. నెల తిరక్కుండా నిజం వేళలు రాసే పుస్తకం ఒకటుందని గోదావరి రేవుదాకా పాకిపోయింది.

అలా ఉండగా మా ఊరి ఆడపడుచు ఒకామెకు మా ఆసుపత్రిలో తొలికాన్పు అయింది. పద్దెనిమిదేళ్ళ పిల్ల. అత్తవారిది అప్పనపల్లి వైపు ఒక ఊరు. మామగారు పంచాంగంలో ఉద్దండుడని పేరు. ఆడపిల్ల పుట్టింది, మధ్యాహ్నం రెండూ ఇరవైకి. వర్జ్యం రెండింటికే మొదలైంది. పైగా అప్పుడే మొదలైన నక్షత్రపాదం తాతకు మంచిది కాదు. గుమ్మంలో ఉన్న వాళ్ళమ్మకు రెండుకు పది నిమిషాలు తక్కువ అని చెప్పాను. పుస్తకంలో మాత్రం రెండు వేళలూ రాశాను.

పురుడు వెళ్ళిన రోజున కోడల్నీ మనవరాలినీ చూడడానికి మామగారు వస్తున్నారని కబురొచ్చింది. కుట్లు మానలేదని ఆ పిల్లను ఇంకా మా దగ్గరే ఉంచాం. పొద్దున్న నేను మంచం దగ్గరికి వెళ్తే నా చెయ్యి పట్టుకుంది.

"నర్సమ్మగారండీ, మావయ్యగారు పుస్తకం చూస్తారంటండి. మా అమ్మకి చెప్పిన వేళ నిజమేనాండీ?"

నేను దుప్పటి సర్దుతూ తల దించుకున్నాను. ఆ పిల్లకు అర్థమైపోయింది. "మా ఆయన మంచోరేనండి. కానీ ఆయన మాట చెల్లదండి. మావయ్యగారు తీసుకెళ్తే వెళ్తాం, లేదంటే లేదండి" అని బిడ్డను దగ్గరికి లాక్కుంది.

ఆ రోజే డాక్టరమ్మగారు కూడా పుస్తకాల కోసం వచ్చి ఉన్నారు. పదింటికి ఆయన పడవ దిగారు. తెల్లటి పంచె, చేతిలో గొడుగు, ముక్కు మీద కళ్ళజోడు. అరవై అయిదేళ్ళుంటాయి. వసారాలోకి వచ్చి, కోడలున్న గది వైపు చూడకుండా బల్ల మీద కూర్చున్నారు. అందరికీ నమస్కారాలు పెట్టి, వానలూ పంటలూ అడిగి, ఆ తరువాత సంగతిలోకి వచ్చారు. మా వైపు పెద్దమనుషులు ఎంత కోపంగా ఉంటే అంత మర్యాదగా మాట్లాడతారు.

"డాక్టరమ్మగారూ, ఇక్కడ పుస్తకంలో రెండు వేళలు రాస్తారని విన్నానండి. నిజమేనాండీ?"

"నిజమేనండి" అన్నారు ఆవిడ.

"మీరు చదువుకున్నవారు, అబద్ధమాడరు. మా మనవరాలి అసలు వేళ సెలవిస్తారాండీ?"

"పుస్తకంలో పేర్లు లేవండి. తేదీలు లేవు. మీ మనవరాలిది ఏదో నాకు తెలియదు. తెలిసినా చెప్పను."

"పేర్లు లేనప్పుడు చూడడానికి అభ్యంతరం ఏముంటదండీ?"

డాక్టరమ్మగారు ఒక్క క్షణం ఆలోచించి, ఏముంటుందిలే అనుకుని పుస్తకం ఆయన చేతికిచ్చారు. అప్పుడు, సరిగ్గా అప్పుడు, నా బుర్రలో పిడుగు పడింది. పేరు తీసేశాం. తేదీ తీసేశాం. గుమ్మం వేళ అలాగే ఉంచాం. తన ఇంటికి చెప్పిన వేళ ఎంతో ఆయనకు తెలుసు కదా! ఆఖరి పేజీ తిప్పి, రెండుకు పది నిమిషాలు తక్కువ ఎక్కడుందో వేలు పెడితే, పక్క గడిలో రెండూ ఇరవై. ముగ్గురు తెలివైనవాళ్ళం కూర్చుని చేసిన ఏర్పాటు అది. సిస్టరుగారి వైపు చూశాను. ఆవిడకూ తట్టినట్టుంది, కొంగు నోట్లో కుక్కుకున్నారు.

అయితే ఆయన పద్ధతి గల మనిషి. పుస్తకాన్ని మొదటి పేజీ నుంచి మొదలుపెట్టారు. వేలు పెట్టి వరసగా చదువుతూ వచ్చారు. రెండో పేజీలో ఆగారు.

"ఈ రెండు గళ్ళకీ తేడా ఉన్నవన్నీ చెడ్డ వేళలేనాండీ?"

సిస్టరుగారు నా వైపు చూశారు. చివరికి నేనే "అవునండి" అన్నాను.

"ఇంతమందాండీ!" అని ఆయన కళ్ళజోడు తీసి, తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నారు. "మా ఊరివి కూడా ఉన్నాయాండీ ఇందులో?"

"అన్ని ఊళ్ళవీ ఉన్నాయండి."

ఆయన చాలాసేపు ఆ పేజీ వైపే చూశారు. ఆ తరువాత అడిగిన ప్రశ్న మాలో ఎవ్వరం ఊహించనిది.

"అయితే నర్సమ్మగారూ, ఈ ఇళ్ళల్లో తాతలు ఎలా ఉన్నారండీ?"

డాక్టరమ్మగారు చప్పున తలెత్తారు. నేను పిల్లల బరువు చూడడానికి ఏడాదిపాటు ఆ ఇళ్ళకు తిరుగుతాను కాబట్టి తాతలందరూ నాకు తెలుసు. మూడో నెంబరు తాతగారు బాగున్నారని, వానలో గొడుగు లేకుండా తిరిగితే కోడలు కేకలేస్తోందని చెప్పాను. ఎనిమిదో నెంబరు తాతగారు పళ్ళు కట్టించుకుని చెరుకుముక్కలు నమలబోయి విరగ్గొట్టుకున్నారని చెప్పాను. తొమ్మిదో నెంబరువారికి ఇద్దరు తాతలూ ఉన్నారు, మాటల్లేవు గాని ఆరోగ్యంగా ఉన్నారని చెప్పాను. ఆయన ప్రతిదానికీ తలూపుతూ వేలు కిందికి జరిపారు.

"పద్నాలుగు?"

పద్నాలుగో నెంబరు చెడ్డ వేళే. ఆ ఇంటి తాతగారు మూడు నెలలకే పోయారు. బల్ల కింద సిస్టరుగారు నా కాలు తొక్కారు. బాగున్నారండి అంటే సరిపోయేది. అయిదేళ్ళుగా నేను చేస్తున్న పనే అది, ఆ మాత్రం నాకు కొత్త కాదు. లోపల గదిలో ఆ పిల్ల చెవులు రిక్కించి వింటోందని తెలుసు. డాక్టరమ్మగారు నా వైపు చూడలేదు, కిటికీలోంచి బయటికి చూస్తున్నారు. ఎందుకో ఆ పుస్తకంలో మళ్ళీ ఒక అబద్ధం పెట్టడానికి నాకు మనసొప్పలేదు.

"పోయేరండి" అన్నాను.

ఆయన వేలు అక్కడే ఉంది.

"ఏమొచ్చి పోయేరండీ?"

"అంతకుముందు ఏడాది నుంచీ మంచంలోనే ఉన్నారండి. ఎనభై దాటేయండి."

ఆయన వేలు తీసి మళ్ళీ మొదటి పేజీకి వెళ్ళారు. "సరేనండి. మరి తేడా లేనివున్నాయి కదా, మంచి వేళ పుట్టినవాళ్ళు. వాళ్ళ తాతలు?"

"ఇద్దరు పోయేరండి. ఒకాయన కొబ్బరిచెట్టు కింద నిలబడి గెలలు దింపిస్తూ, కాయ మీదపడి పోయేరండి. రెండో ఆయన నిద్దట్లోనే వెళ్ళిపోయేరండి."

పెద్దాయన మొహంలో ముందు ఏమీ కనిపించలేదు. తరువాత మీసం కదిలింది. తరువాత పొట్ట కదిలింది. గొడుగు కిందపడేలా నవ్వారు.

"అయితే ఏ వేళ పుట్టినా మేం పోయేవాళ్ళమేనన్నమాట!"

సిస్టరుగారు ఆపుకోలేక కాలువ అవతలికి వినబడేలా నవ్వారు. ఆయన ఇంకా నవ్వుతూనే పుస్తకంలో చివరి పేజీ అంచు పట్టుకున్నారు. ఆ పేజీని ఎత్తి, సగంలో ఆగి, ఏమనుకున్నారో మళ్ళీ మెల్లగా వదిలేశారు. పుస్తకం మూసి డాక్టరమ్మగారికి ఇచ్చేశారు. అది చూసి ఆవిడకు కూడా అప్పుడు తెలిసింది మేం చేసిన పొరపాటు.

"పిల్లను ఇలా తీసుకురండి" అన్నారు.

నేను లోపలికి పరిగెత్తాను. ఆ పిల్ల కళ్ళనిండా నీళ్ళు, నోటినిండా నవ్వు. బిడ్డను గుడ్డలో చుట్టి తెచ్చాను. మామూలుగా అయితే, నన్ను ముట్టుకోకూడదని, అలాంటి ఇళ్ళవాళ్ళకు నేను బిడ్డను వాళ్ళ పనిమనిషి చేతికిస్తే, ఆ మనిషి వాళ్ళకిచ్చేది. ఆయన రెండు చేతులూ చాపి నా చేతుల్లోంచే తీసుకున్నారు. "ముక్కు మా అమ్మదండి" అని అందరికీ చూపించారు. ఆ వయసు పిల్లలకు ముక్కు ఎవరిదో చెప్పడం దేవుడికి కూడా సాధ్యం కాదు, అయినా అవునవునన్నాం.

ఆయన లోపలికి వెళ్ళాక డాక్టరమ్మగారు నా భుజం మీద చెయ్యి వేశారు. "మిగతావాళ్ళ సంగతేమిటి అని అడగడం నా విద్యార్థులకు ఏడాది చెబితే గాని రాదు. ఆయన ఒక్క పూటలో అడిగాడు. మీరు పద్నాలుగో నెంబరు దగ్గర అబద్ధం చెప్పి ఉంటే అడిగేవాడు కాదు" అన్నారు. ఆవిడ రాసిన వ్యాసం తరువాతి ఏడాది అచ్చయింది. అందులో మా ఇద్దరి పేర్లూ వేశారు. సిస్టరుగారు దాన్ని ఇనప్పెట్టెలో పట్టుచీరల మధ్య దాచుకున్నారు.

అమ్మాయిలూ, అయిదేళ్ళు నేను అబద్ధాలు చెప్పి పిల్లల్ని వాళ్ళ ఇళ్ళకు చేర్చాను. అందుకు నేనిప్పటికీ సిగ్గుపడను. కాని ఆ రోజు నిజం చెప్పి ఒక పిల్లను ఇంటికి పంపాను. అలా కూడా పంపవచ్చని అంతవరకు నాకు తెలియదు. రేపు ఎవరైనా మీకు గళ్ళ కాగితం ఇచ్చి రాయమంటే, మీరెందుకు తప్పు రాయాలనుకుంటున్నారో అది కూడా వాళ్ళకు చెప్పండి. వాళ్ళకు అన్నిటికంటే కావలసింది అదే కావచ్చు.

నాలుగో రోజున కోడల్ని తీసుకెళ్ళడానికి ఆయనే మళ్ళీ వచ్చారు. మనవరాలిని ఎవరికీ ఇవ్వకుండా ఒళ్ళో పెట్టుకుని పడవలో కూర్చున్నారు. పడవ కదిలాక నన్ను కేకేశారు.

"నర్సమ్మగారూ, ఆ పుస్తకం జాగ్రత్తగా దాచండి. రేపెప్పుడైనా నేను పోయేననుకోండి, అదీ అందులో రాయండి. నిజం వేళే రాయండి!"

ఆ మాట విని కోడలు చెవులు మూసుకుంది. ఆయన మాత్రం నవ్వుతూనే ఉన్నారు. రాయవలసిన అవసరం నాకు చాలా ఏళ్ళు రాలేదు. ఆ మనవరాలి పెళ్ళికి ముహూర్తం ఆయనే పెట్టారు. శుభలేఖలో వేళ నిమిషాలతో సహా వేయించారు.